ఆషాఢంలో కప్పు లేని జీపు

పెళ్ళికి కట్టిన మామిడాకులు ఇంకా రాలిపోకముందే ఆషాఢం వచ్చేసింది. మా అత్తయ్య దాలమ్మ గారు నన్ను పుట్టింటికి పంపించేశారు.

పుట్టిల్లంటే ఎక్కడో అనుకునేరు. రాయపూర్ పక్కన ధర్సీవా. అత్తిల్లు బీర్‌గావ్. మధ్యలో సిల్తారా, ఆ సిల్తారాలో మా ఆయన తరుణ్ పనిచేసే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ. విరహం అని చెప్పుకోవడానికి సిగ్గేసేంత దగ్గర. మా డాబా ఎక్కితే ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. వీధిలో అందరూ ఆ పొగని తిట్టుకుంటూ ఆరేసిన బట్టలు లాక్కెళుతుంటే, నేనొక్కదాన్నే దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకునేదాన్ని. చీర మీద నల్లటి నుసి పడినా దులిపేదాన్ని కాదు. "దీనికేదో అయింది," అని అమ్మ నాన్నతో చెప్పడం రెండుసార్లు విన్నాను. అయిన మాట నిజమే.

అత్తయ్య వాళ్ళది శ్రీకాకుళం వైపు. పెళ్ళయి రాయపూర్ వచ్చేటప్పుడు అక్కణ్ణించి ఆవిడ ఒక ఇత్తడి బిందె, ఎండు చేపల మూట, ఆషాఢం నియమాలు తెచ్చుకున్నారట. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. కొత్త దంపతులు ఒకే కప్పు కింద ఉండకూడదు.

"ఇందులో ఏదైనా తప్పితే, అత్తయ్యా?" అని బయల్దేరేముందు అడిగాను. ఎందుకైనా మంచిదని.

"తప్పితే ఏటుంది, నెల మళ్ళీ మొదటికాణ్ణించి లెక్క."

"అప్పుడు శ్రావణం నోములో?"

"ఫోన్లో పట్టుకుందువుగాని. వీడియో కాల్ ఉంది కదేటి."

ఆవిడ నవ్వలేదు. ఆవిడ ఇలాంటి విషయాల్లో నవ్వరు.

తరుణ్‌కి ఒక పాత జీపుంది. పెళ్ళిచూపుల్లో మమ్మల్ని మాట్లాడుకోమని డాబా మీదికి పంపిస్తే, అతను ఫోన్ తీసి బురదలో కూరుకుపోయిన జీపు ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. వరసగా అవే. "ఇందులో జీపేది, బురదేది?" అని అడిగాను. "అదే కదా అందం!" అన్నాడు, కళ్ళు మెరిసిపోతూ. నేను కిందికొచ్చి ఒప్పేసుకున్నానని చెప్పేశాను. అబ్బాయి ఏం చదివాడో అప్పటికింకా అడగనేలేదు.

ఏటా వానలు మొదలయ్యాక ఒక ఆదివారం రాయపూర్‌లోని జీపులవాళ్ళు కొందరు కలిసి ధమ్తరి దాటి, నగరి వైపు అడవిలోకి వెళతారు. అక్కడ పాత కూపు రోడ్లున్నాయి. కూపు అంటే అడవిలో కలప కొట్టడానికి గీసిచ్చిన ముక్క. ఒకప్పుడు ఆ దారుల్లో దుంగల లారీలు తిరిగేవి. ఇప్పుడు కొట్టడమూ లేదు, లారీలూ లేవు. రోడ్లు మాత్రం ఎవరూ పొమ్మనలేదన్నట్టు అక్కడే ఉన్నాయి. ఆ దారిలో బండికి ఇద్దరుండాలి, ఒకరు నడపడానికి, ఒకరు దిగి ముందు నడుస్తూ లోతు చూసి దారి చెప్పడానికి. ఆ రెండోమనిషిని నేనే అని పెళ్ళికి ముందే మాటిచ్చాడు. మంగళసూత్రం కన్నా ఆ మాటే ముందు పడింది నాకు.

తీరా ఆ ఆదివారం ఆషాఢంలో పడింది.

"అత్తయ్యా, ఇక్కడివాళ్ళకి సావన్ వచ్చేసింది కదా," అని ఫోన్లో ఒక రాయి వేసి చూశాను. నిజంగానే వచ్చేసింది. ఇక్కడివాళ్ళ నెల పౌర్ణమితో మారుతుంది, మనది అమావాస్యతో. ఏటా ఒక పక్షం పాటు మా వీధిలో పక్కింట్లో శ్రావణం, మా ఇంట్లో ఆషాఢం.

"పెళ్ళి ఏ పంచాంగం చూసి చేశాం?" అన్నారు అత్తయ్య.

"మనదే."

"మరి ఆషాఢం ఇంకోరిది సూస్తావేటి?"

ఆ మాట తరుణ్‌కి చెప్పాను. అతనికి జవాబు దొరికింది. జీపు టాపు విప్పేసి, తలుపులు ఊడదీసి, నన్ను వీడియో కాల్లో పెట్టి, వాళ్ళమ్మని వీధిలోకి పిలిచి చూపించాడు. కప్పు లేదు, గడప లేదు. ఇది ఇల్లెలా అవుతుంది? అత్తయ్య జీపు చుట్టూ ప్రదక్షిణ చేశారు. చివరికి శ్రీకాకుళంలో వాళ్ళ పంతులు గారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. పంతులు గారు ఎక్కడో పెళ్ళిభోజనం మధ్యలో ఉన్నట్టున్నారు. "కప్పు లేనిదాన్ని ఇల్లనరు తల్లీ, సాంబారు ఇటు," అన్నారు.

"సరే ఎల్లండి," అన్నారు అత్తయ్య. "నానూ వస్తాను."

అలా మా మొదటి అడవి ప్రయాణానికి మేం ముగ్గురం బయల్దేరాం. తరుణ్ మా గడప తొక్కకూడదు కాబట్టి నన్ను సిల్తారా రోడ్డు మీద టీ బండి దగ్గర ఎక్కించుకున్నాడు. నేను ముందు సీట్లో, అత్తయ్య వెనక సీట్లో సరిగ్గా మధ్యన. ఆవిడ తల మా ఇద్దరి భుజాల మధ్యలోంచి ముందుకి పొడుచుకొచ్చి ఉండేది. అన్నాళ్ళ తరవాత పక్కన కూర్చున్న మొగుణ్ణి చూద్దామని తల తిప్పితే ముందు అత్తయ్య ముక్కుపుడక కనిపించేది. అయినా నాకు ఎంత బాగుందో చెప్పలేను. గేరు మార్చినప్పుడల్లా తరుణ్ చెయ్యి నా మోకాలి దాకా వచ్చి వెనక్కి పోయేది. పాపం, రాయపూర్ నుంచి ధమ్తరి దాకా అంత సాఫీ రోడ్డు మీద అతను మార్చినన్ని గేర్లు ఎవరూ మార్చి ఉండరు.

"ఏట్రా, గేరు జారిపోతందా?" అన్నారు అత్తయ్య.

"పాత బండి కదమ్మా."

నగరి వైపు అడవి మొదట్లో 'నాకా' అనే ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర మిగతా నాలుగు జీపులూ కలిశాయి. గుంపుకి పెద్ద ఉమేష్ భయ్యా. ఆయన చెయ్యి ఊపి లోపలికి దారితీశారు. ఒకదాని వెనక ఒకటి నాలుగూ వెళ్ళిపోయాయి. మా వంతు వచ్చింది.

"ఆపు," అన్నారు అత్తయ్య.

నాకా అంటే రెండు లావుపాటి కొయ్య స్తంభాలు, పైన 'స్వాగత్' అని రాసిన అడ్డదూలం. కింద రోడ్డుకి అడ్డంగా సగం పాతిన సరై దుంగ ఒకటి, సరై అంటే సాలచెట్టు. బళ్ళు నెమ్మదించాలని ఎవరో ఎప్పుడో పాతారు. అత్తయ్య దాన్ని అటునించి ఇటు చూశారు.

"రెండు పక్కలా స్తంభాలు. మీద దూలం. కింద దుంగ. దీన్ని ఏటంటారు?"

తరుణ్ నావైపు చూశాడు. నేను దుంగవైపు చూశాను. గడపే. పసుపు రాసి బొట్టు పెడితే మా ఇంటి గడప కన్నా బాగుంటుంది.

"నేను దిగి ఆ పక్క గోతిలోంచి నడిచొస్తాను అత్తయ్యా," అన్నాను.

కాపలా ఉన్న బిసాహూ అనే పెద్దాయన ఈల ఊదాడు. గేటు పక్కనించి అడవిలోకి దూరేది దొంగకలపవాళ్ళే, మనిషన్నవాడు గేట్లోంచే వెళ్ళాలి, అది సర్కారు రూలు అన్నాడు ఛత్తీస్‌గఢీలో. తరుణ్ దిగి మా రూలు చెప్పాడు. అత్తాకోడళ్ళు, గడప, ఆషాఢం. బిసాహూ శ్రద్ధగా విన్నాడు.

"కానీ సావన్ లగ్ గే, దాయీ," అన్నాడు అత్తయ్యతో. సావన్ వచ్చేసింది కదమ్మా అని.

"మీకొచ్చింది, మాకు రాలేదు," అన్నారు ఆవిడ హిందీలో.

బిసాహూ తలపాగా తీసి తల గోక్కున్నాడు. అతనికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఒక రూలుకి ఇంకో రూలు అడ్డొస్తే మనిషి ఎంత ఇబ్బంది పడాలో అంతా పడ్డాడు. "గేటు తియ్యలేను, దుంగ తీస్తే సరిపోతుందా?" అన్నాడు. అత్తయ్య ఆలోచించి, దుంగ లేకపోతే అది ఉత్త రోడ్డేనని ఒప్పుకున్నారు. తాడు కట్టారు. జీపు వెనక్కి లాగింది. సర్కారు వారి గడప పెద్ద పన్ను ఊడినట్టు ఊడి వచ్చింది. మేం లోపలికెళ్ళాక తరుణ్, బిసాహూ కలిసి దాన్ని మళ్ళీ గోతిలో కూర్చోబెట్టి, కాళ్ళతో తొక్కి మట్టి సర్దారు.

"మరి తిరిగి వచ్చేటప్పుడు?" అన్నాడు బిసాహూ దిగులుగా.

"మళ్ళీ తీద్దాం," అన్నారు అత్తయ్య.

ఈలోగా మిగతా జీపులు ఎక్కడికో వెళ్ళిపోయాయి. మాకు టైరు గుర్తులే దిక్కు.

ఆ దారి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. ఎర్రమట్టిలో రెండు గాడులు, మధ్యలో మోకాలెత్తు గడ్డి, రెండు పక్కలా వానకి కడిగిన సరై చెట్లు. పాత మొద్దుల పక్కనించి కొత్త కొమ్మలు లేచి, మొద్దుకి జుట్టు వచ్చినట్టుంది. నేను ముందు నడుస్తూ కర్రతో నీళ్ళలోతు చూసి "కుడి, కుడి, ఆగు, రా రా రా!" అని చేతులూపేదాన్ని. ఆ బండి నా చెయ్యి ఎటు తిరిగితే అటు రావడం చూసి గర్వం పట్టలేకపోయాను. కాలేజీలో డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా ఇంత గొప్పగా అనిపించలేదు. ఒకచోట గడ్డిలో ఆరుద్ర పురుగులు, ఎర్ర మఖమలు ముక్కల్లా. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని తరుణ్‌కి చూపించడానికి పరిగెత్తాను.

"పురుగుని చూపించడానికి అంత దగ్గరికెళ్ళాలేటి?" అంది వెనక సీటు.

"చిన్నది కదా అత్తయ్యా, కనిపించదు."

"నాకిక్కణ్ణించి కనిపిస్తంది."

అప్పుడు వాన మొదలైంది.

టాపు బీర్‌గావ్‌లో ఉంది. అత్తయ్య సంచీలోంచి మూడు గొడుగులు తీశారు. ముగ్గురికీ ముందే తెచ్చారు, ఆలోచించండి. ఒక గొడుగు కింద ఇద్దరుంటే అదీ కప్పే. కానీ తరుణ్ స్టీరింగ్ వదిలి గొడుగు పట్టుకోలేడు. అందుకని ఒకటి అత్తయ్య వెనకనుంచి కొడుకు మీద పట్టారు, ఇంకోటి తన మీద, మూడోది నా చేతిలో. నా గొడుగు అంచు అతని గొడుగు అంచుకి తగలకూడదు. తగిలితే రెండూ ఒకటే కప్పు. కాబట్టి మధ్యలో జానెడు సందు వదిలాం. రెండు గొడుగుల నీళ్ళూ ఆ సందులోంచి ధారగట్టి సరిగ్గా గేరు మీద పడేవి. తరుణ్ గేరు పట్టుకున్నప్పుడల్లా కుళాయి కింద చెయ్యి కడుక్కుంటున్నట్టుండేది.

"చెట్ల కింద వెళుతున్నాం కదమ్మా, మరి ఆ కొమ్మలు కప్పు కాదా?" అన్నాడు తరుణ్ విసుగ్గా.

"ఆటిల్లోంచి నీళ్ళు కారతన్నాయి. కారితే కప్పు కాదు."

ఆ మాట మాకు అప్పుడు పెద్ద విషయంగా అనిపించలేదు.

ఒక వాగు దగ్గర జీపు దిగబడింది. ఫొటోల్లో చూసినట్టే, జీపేదో బురదేదో తెలియకుండా. నేను సంతోషంతో చప్పట్లు కొట్టాను. తరుణ్ కూడా నవ్వాడు. అంతలో ఉరిమింది. మామూలు ఉరుము కాదు, అడవి మొత్తం ఒక్కసారి తెల్లగా అయిపోయి, ఎక్కడో దగ్గర్లో చెట్టు ఫెళ్ళుమని చీలింది. అత్తయ్య నా చేతిలోదీ లాక్కుని మూడు గొడుగులూ మూసేశారు. మేం ముగ్గురం వాగు గట్టెక్కి పరిగెత్తాం.

గట్టు మీద పాత కలప డిపో ఉంది. గోడల్లేవు, గుంజల మీద రేకులు వేసిన పెద్ద పాక. గోడల్లేవు కాబట్టి గడప లేదు. కానీ రేకులున్నాయి. కప్పుంది.

నేనూ తరుణ్ ఆ చూరుకి బయట, వానలో ఆగిపోయాం. అత్తయ్య లోపలికెళ్ళి వెనక్కి తిరిగారు.

"రారా నాన్నా, పిడుగులు పడతన్నాయి!"

"ఫణీ, నువ్వెళ్ళు," అన్నాడు తరుణ్ నాతో.

"నువ్వెళ్ళు. బండి నడపాల్సింది నువ్వు."

"దారి చెప్పాల్సింది నువ్వు."

"నువ్వెళ్ళకపోతే నేనూ వెళ్ళను."

అత్తయ్య ముందు నేనతన్ని 'ఏవండీ' అంటాను. ఆ కంగారులో మర్చిపోయాను. ఆవిడ పట్టించుకోలేదు. ఇంకో మెరుపు మెరిసింది. ఆ వెలుగులో ఆవిడ మొహం చూశాను. తెల్లబోయి ఉంది. ఇప్పుడు ఒక్క మాట అనాలి ఆవిడ, 'ఇద్దరూ రండి' అని. అంటే నెల మళ్ళీ మొదలు. అనకపోతే ఇద్దరిలో ఒకరు పిడుగుల కింద. నాకా క్షణంలో పిడుగు కన్నా ఆ నెలే ఎక్కువ భయంగా ఉంది. ఎంత పిచ్చిదాన్నో! మళ్ళీ డాబా ఎక్కి ఆ పొగ చూస్తూ ఇంకో నెల. ఆరేసిన బట్టలన్నీ నల్లగా.

అత్తయ్య పైకి చూశారు. రేకుల్ని. ఒక చివరనించి ఇంకో చివరదాకా మెడ సాచి చూసుకుంటూ నడిచారు. నడుమ ఒకచోట ఆగారు. అక్కడ రేకుల వరసల మధ్య సీల ఊడి, పొడుగునా ఒక చీలిక. దాంట్లోంచి వాన తెరలా దిగుతోంది, ఈ చివర నుంచి ఆ చివరదాకా.

"ఇది ఒక కప్పు కాదు," అన్నారు. "రెండు. కారతంది సూడండి. ఒరే, నువ్వు ఇటేపు. అమ్మాయ్, నువ్వు అటేపు. దబ్బున!"

పరిగెత్తాం. నేను ఎడమ కప్పు కింద, తరుణ్ కుడి కప్పు కింద. మధ్యలో నీళ్ళ తెర. మేం ఒకరినొకరు ఆ తెరలోంచి చూసుకున్నాం, వంకరటింకరగా. నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. నేనొక అడుగు ముందుకేశాను, అతనొక అడుగు.

"ఆగండక్కడ!"

అత్తయ్య ఒక దుంగ దొర్లించుకొచ్చి సరిగ్గా ఆ చీలిక కింద వేసి, మా ఇద్దరి మధ్యా దాని మీద కూర్చున్నారు. నీళ్ళు నెత్తి మీదనుంచి ముక్కుపుడక మీదుగా కారుతున్నాయి.

"అమ్మా, తడుస్తున్నావు! ఇటు రా."

"నాను లేస్తే మీరు కలుస్తారు."

"కలవం అత్తయ్యా, ఒట్టు."

"అడుగులేయడం సూశాను."

"పోనీ గొడుగైనా విప్పుకోమ్మా!"

"గొడుగు విప్పితే ఈ రెండు కప్పులూ కలిసిపోవా? ఆపాటి తెలివిలేదేటి నీకు? ఇంజనీరువి!"

తరుణ్ తలెత్తి చీలిక చూశాడు. నిజమే, కలిసిపోతాయి.

అలా కూర్చున్నాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా తీశాను. అత్తయ్యకి పెట్టాను, ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి తడవకుండా తిన్నారు. ఆవిడ చేతిమీదుగా తరుణ్‌కి వెళ్ళింది. ఆవిడకి వణుకు మొదలైంది. నా పైట కొంగు పిండి ఆవిడ భుజాల మీద కప్పబోయాను, మళ్ళీ ఇది కప్పేమోనని ఆగాను. ఆవిడ అది చూసి మొదటిసారి నవ్వారు.

"బట్ట కప్పితే ఏం కాదు. కప్పు," అన్నారు. తరవాత తనలో తాను అనుకుంటున్నట్టు, "సముద్రం వదిలేసొచ్చాం. చుట్టాలు, ఊరు, అన్నీ. ఇక్కడ పిల్లలకి హిందీయే వచ్చు, తిండీ మారిపోనాది. ఇదొక్కటన్నా సరిగ్గా సెయ్యాలని నాకు," అన్నారు.

అప్పుడు పడింది పిడుగు. పాక పక్కనే. నేల దద్దరిల్లింది. నేను కళ్ళు మూసుకుని కేకపెట్టి చెయ్యి చాచాను. ఏమీ ఆలోచించలేదు. నీళ్ళ తెరలోకి వెళ్ళిన నా చెయ్యి అటునుంచి వచ్చిన ఇంకో చేతికి తగిలింది. గట్టిగా పట్టుకున్నాం.

కళ్ళు తెరిచాను. మా రెండు చేతులూ అత్తయ్య నెత్తికి జానెడు పైన ముడిపడి ఉన్నాయి. ఆవిడ తల ఎత్తి వాటినే చూస్తున్నారు.

వదలాలని తెలుసు. వదలలేకపోయాను. తరుణూ వదల్లేదు. అయిపోయింది అనుకున్నాను. నెల మళ్ళీ మొదలు. ఫోన్లో నోములు.

అత్తయ్య ముందు నావైపున్న రేకు అంచు చూశారు. తరవాత కొడుకువైపు అంచు. వేలు పైకెత్తి ఆ చీలిక వారగా గాల్లో గీత గీసి, అది ఎక్కడికి దిగుతుందో లెక్క చూశారు. ఇంజనీరు ఆవిడే అనిపించింది.

"సేతులు వానలో ఉన్నాయి," అన్నారు చివరికి.

"ఆఁ?" అన్నాడు తరుణ్.

"మణికట్టు దాకా అటొకరు, ఇటొకరు. సేతులు మాత్రం బయట వానలో ఉన్నాయి. ఏ కప్పు కిందా లేవు. తప్పులేదు, పట్టుకోండి." ఆవిడ తుమ్మారు. "కానీ నా నెత్తి మీద కాదు. మీ ఉంగరాల నీళ్ళు నా కంట్లో పడతన్నాయి."

మేం చేతులు వదలకుండా, వాటిని ఆ చీలిక వెంటే జాగ్రత్తగా పక్కకి జరుపుకున్నాం, తెరలోంచి బయటికి పోకుండా, తాడు మీద నడిచేవాళ్ళలా. ఆవిడ "ఇటు, ఇటు, అటు పోకు, ఆగు," అని దారి చెప్పారు.

వాన కాస్త తగ్గాక ఉమేష్ భయ్యా వాళ్ళు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. టార్పాలిన్ కోట్లు వేసుకున్న నలుగురు పాక బయట నిలబడిపోయారు. లోపల బోలెడంత పొడి నేల. దాని మధ్యన ఒక పెద్దావిడ, కారుతున్న చీలిక కింద ఏరి కూర్చుని, నెత్తిన నీళ్ళతో పులిహోర తింటోంది. అటూ ఇటూ ఆవిడ కొడుకూ కోడలూ, వాన గోడలోకి చేతులు పెట్టి, చెవులదాకా నవ్వుతూ.

"ఆంటీ జీ," అన్నారు ఉమేష్ భయ్యా, "లోపల ఇంత చోటుంది కదా?"

అత్తయ్య ఆయన్ని జాలిగా చూశారు.

"మీకు సావన్ బేటా," అన్నారు. "మీరు ఎక్కడైనా కూర్చోవచ్చు."